నల్లబర్రె పాట కట్టిన మల్లమ్మ టీచర్

మల్లమ్మ టీచర్ ఇక లేరు. ఇంత చిన్న వాక్యం రాయడానికి చెయ్యి ఎన్నిసార్లు వెనక్కి పోయిందో నాకే తెలుసు.

ఆ ఉదయం బడి గంట ఇంకా మోగలేదు. ఆమె తమ్ముడు కిష్టయ్య గేటు దగ్గర నిలబడి ఉన్నాడు. సైకిలుకు పాల క్యాన్లు అలాగే వేలాడుతున్నాయి. లాల్‌దర్వాజాలో పొద్దుటిపూట కిష్టయ్య సైకిలు ఎక్కడా ఆగదు. అది ఆగి ఉండటం చూడగానే పరుగున వెళ్ళాను.

"సారూ, అక్క వోయింది," అన్నాడు. "తెల్లారంగ పాలు పిండుతనని దొడ్లెకు వోయింది. బర్రె పక్కన్నే కూలవడ్డది. మేం ఉరికేసరికే అంత అయిపోయింది."

నేను అతణ్ణి పట్టుకుని, "ఏం మాట్లాడుతున్నావయ్యా!" అని కసిరాను. కసరక ఏం చేయను? నిన్న సాయంత్రమే కదా బడి మెట్లు దిగుతూ, "రేపు జర జల్ది రాండ్రి సారూ, మా ఒకటో తరగతిల సున్నం పెచ్చులు రాలుతున్నయ్, మీరు పెద్దసారుకు చెప్తె ఇంటడు" అని నాకు పని పురమాయించి వెళ్ళింది! అటువంటి మనిషి తెల్లవారేసరికి కీర్తిశేషురాలు కావడమేమిటి? విధి నిర్దయ అని పుస్తకాల్లో ఎన్నిసార్లు చదివి పిల్లలకు ప్రతిపదార్థాలు చెప్పానో. ఆ మాటకు అర్థం నాకు ఆ గేటు దగ్గర తెలిసింది.

అంతిమయాత్రకు లాల్‌దర్వాజా అంతా కదిలింది. బర్రెలు పెంచి పాలమ్మే గౌళీలు, కూరగాయల బండ్లవాళ్ళు, ఉస్మాన్‌గంజ్‌లో మూటలు మోసేవాళ్ళు, ఆమె దగ్గర అ ఆలు దిద్దుకున్న గుమాస్తాలు, అందరూ పురానాపూల్ శ్మశానం దాకా నడిచారు. బ్యాండువాళ్ళు, పాపం, భక్తితోనే ఆమె పాట ఎత్తుకున్నారు. క్లారినెట్ ఆ రాగం తీయగానే ఆడవాళ్ళు గొల్లుమన్నారు. పిల్లలు గొంతు కలిపారు. ఏమని? "ఎక్కడికెళ్ళావే తెల్లావూ" అని! పాడె మోస్తున్న నాకు ఒళ్ళు భగ్గున మండింది. నల్లబర్రె మీద పాట కట్టిన మనిషిని తెల్లావు పాటతో సాగనంపుతారా? ఎవరిని తిట్టాలో తెలియక పళ్ళు బిగించి నడిచాను.

పలక పట్టిన ప్రతి పిల్లకూ వచ్చిన పాట అది. పిల్లల సినిమాలోది. ఆ సినిమా పేరు రాయడానికి నాకు చెయ్యి రాదు, మీకందరికీ తెలిసిందే. కానీ ఆ పాట ఎవరిదో, అసలు ఎలా ఉండేదో, ఎవరు పాడుచేశారో తెలిసినవాళ్ళు మా బస్తీలోనే తగ్గిపోతున్నారు. సంస్మరణ వ్యాసంలో ఆగ్రహం తగదని పెద్దలంటారు. అననివ్వండి. ఆమె పాట ఆమె కట్టినట్టుగా నిలవాలి. నాకు కావలసింది అదొక్కటే, నేను కలం పట్టింది అందుకే.

మల్లమ్మ టీచర్ గౌళీల ఇంటి ఆడపడుచు. ఆ ఇంట్లో బడి ముఖం చూసిన తొలి ఆడపిల్ల. చిన్నతనంలోనే భర్త పోతే పుట్టింటికి వచ్చి, పాలు పిండుతూనే చదువుకుని, మా బడిలో పిల్లల తరగతికి టీచరయింది. తెల్లవారుజామున దొడ్డి పని ముగించుకుని నేరుగా బడికి వచ్చేది. ఒకసారి తనిఖీకి వచ్చిన అధికారి తరగతిలో ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని, "ఏమిటీ వాసన?" అన్నాడు. మేమందరం నేలచూపులు చూస్తున్నాం. ఆమె మాత్రం తడుముకోకుండా, "గది మా ఇంటి అత్తర్ సార్. చార్మినార్ కాడ ఎంత తిరిగినా దొరకది," అన్నది. ఆ అధికారి నవ్వక తప్పలేదు. ఆత్మగౌరవం అనే మాటకు నేను ఇన్నేళ్ళూ చెప్పిన నిర్వచనాలన్నీ ఆ జవాబు ముందు వెలవెలబోయాయి.

ఆ పాట పుట్టుక చెప్పాలంటే గౌళీల పద్ధతి ఒకటి చెప్పాలి. వాళ్ళలో ప్రతి ఇంటికీ బర్రెలను పిలిచే రాగం ఒకటి ఉంటుంది. సాయంత్రం మందలన్నీ కలిసి మూసీ వైపు నుంచి వస్తుంటే ఆడవాళ్ళు సందు మొదట్లో నిలబడి ఎవరి రాగం వాళ్ళు తీస్తారు. ఏ ఇంటి బర్రె ఆ ఇంటి రాగానికే మందలోంచి విడివడి వస్తుంది. ఆ రాగాన్ని తల్లులు బిడ్డలకు, అత్తలు కోడళ్ళకు నేర్పుతారు. పొరుగింటివాళ్ళు పొరపాటున కూడా దాన్ని నోట పట్టరు. పట్టడమంటే కొట్టంలోంచి బర్రెను విప్పుకుపోయినట్టే లెక్క.

ఒక వానాకాలం మూసీకి నీళ్ళొచ్చి మల్లమ్మ టీచర్ వాళ్ళ బర్రె ఒకటి ఇంటికి రాలేదు. దూడ అరుపులు వీధి వీధంతా విన్నాం. మర్నాడు తరగతిలో పిల్లలు, "మీ బర్రె వచ్చిందా టీచర్?" అని చుట్టుముట్టారు. ఆమెకు దుఃఖం ఆగలేదు. పిల్లల ముందు ఏడవడం ఇష్టం లేక తన తల్లి పిలుపు రాగంలో పాట అందుకుంది:

ఏడికి వోయినవె నల్లబర్రె
ఎవ్వల దొడ్లె మేస్తున్నవె
పొద్దు గూకింది ఇంటికి రావె
దూడ నీకోసం బెంగటిల్లె

మూసీకి నీళ్ళొచ్చి ఆగినవా, ముండ్లకంపల చిక్కినవా అని రెండో చరణం. ఎవ్వల గుంజకు కట్టిండ్రే, ఏం జూసి నన్ను మరిసినవే అని మూడోది. చివరి రెండు పాదాలు మూడింటికీ అవే. మధ్యాహ్నానికల్లా బడంతా అదే పాట. బర్రె ఆ తర్వాత దానంతటదే వచ్చింది. ఎక్కడికి పోయి వచ్చిందో ఎవరికీ తెలియలేదు. ప్రతి ఏడూ కొత్త పిల్లలు ఆ పాట నేర్చుకోవడం, "గది ఏడికి వోయిందట టీచర్?" అని అడగడం, ఆమె "ఇంక చెప్తలేదు బిడ్డా, అలిగి కూసున్నది" అనడం మా బడిలో ఆనవాయితీ అయిపోయింది.

"కాగితం మీద పెట్టండమ్మా, పత్రికకు పంపుదాం" అని నేను చాలాసార్లు అడిగాను. "పాట నోట్లె ఉండాలె సారూ. కాయిదంల వెడితె అది నిద్రవోతది," అనేది. ఆ మాట ఎంత అందంగా ఉందని మురిసిపోయేవాణ్ణో!

ఇక ఆ పాటను పాడుచేసిన చందర్ సంగతి. మా బడి పిల్లవాడే. తల్లి లేని పిల్లవాడని మల్లమ్మ టీచర్ రోజూ ఇంటికి తీసుకుపోయి పాలు తాగించి పెంచింది. గొంతు బాగుందని భజన మండలిలో చేర్పించింది కూడా ఆమే. పెద్దవాడై మద్రాసు వెళ్ళి ఒక సంగీత దర్శకుడి దగ్గర సహాయకుడిగా కుదిరాడు. అలాంటివాడు ఒకనాటి సాయంత్రం, వెంట ఒక సినిమా దర్శకుణ్ణి, ఒక హార్మోనియం పెట్టెను వేసుకుని లాల్‌దర్వాజాలో దిగాడు. పిల్లల సినిమా తీస్తున్నారట. నల్లబర్రె పాట కావాలట.

నేనూ అప్పుడు టీచర్ వాళ్ళింటి అరుగు మీదే ఉన్నాను. ఆమె ముందు ఒప్పుకోలేదు. "గిది మా అమ్మ పిలుపుర చందర్. సినిమాల ఎట్ల వెడ్తవ్?" అన్నది.

"అందుకే టీచర్. ఇయ్యాల లాల్‌దర్వాజల ఇంటున్నరు, రేపు దునియా అంత ఇంటది. మీ ఇంటి పాలు తాగిన. ఆ పాల మీద ఒట్టు, ఒక్క మాట మారనియ్య."

పాల మీద ఒట్టు పెడితే గౌళీ ఇంట్లో ఇంకేం మాట్లాడతారు? ఆమె సరేనన్నది. దర్శకుడు, ఇంకొక చరణం ఉంటే బాగుండును, ముగింపు లేదు కదా అన్నాడు. ఆమె దొడ్డి వైపు కాసేపు చూసి, అక్కడికక్కడ నాలుగో చరణం కట్టింది. అందులో బర్రె జవాబు చెబుతుంది, ఎక్కడికి పోయిందో, ఎందుకు పోయిందో. మా బడి పిల్లలు ఇన్నేళ్ళూ అడిగిన ప్రశ్నకు జవాబు! ఆమె పాడుతుంటే కిష్టయ్య పాల చెంబు కింద పెట్టి, తువ్వాలుతో మొహం కప్పుకున్నాడు. చందర్ మళ్ళీ మళ్ళీ పాడించుకుని వరస పట్టుకున్నాడు. నేను విన్నది ఆ ఒక్క సాయంత్రమే. సినిమాలో ఎటూ వస్తుంది కదా, అందరితో కలిసి వింటానులే అనుకుని ఇంటికి వచ్చేశాను.

సినిమా విడుదలైంది. నయాపూల్ దాటి వెళ్ళి మేమందరం చూశాం. మల్లమ్మ టీచర్ జరీ అంచు చీర కట్టుకుని, తన తరగతి పిల్లలందరినీ వెంటబెట్టుకుని వచ్చింది. బస్తీ బస్తీయే హాల్లో ఉంది. పాట రానే వచ్చింది. తెర మీద ఇస్త్రీ గౌనుల పిల్లలు, మెడలో పూలదండ వేసుకున్న తెల్లావు. "ఎక్కడికెళ్ళావే తెల్లావూ, ఎవ్వరి తోటలో మేస్తున్నావూ." రాగం అదే. ఆమె మాట ఒక్కటీ లేదు. నాలుగో చరణం అసలే లేదు. ఆమె నా వైపు వంగి, "ఇంక వెనకకు వస్తదేమో సారూ," అని మెల్లగా అన్నది. 

వెనక వచ్చింది. విశ్రాంతి తర్వాత, కల్లు తాగి తూలుతున్న పశువుల దొంగ ఒకడు తలకు తువ్వాలు చుట్టుకుని, బురదలో పడుతూ లేస్తూ, "ఏడికి వోయినవె నల్లబర్రె" అని పాడాడు. అక్షరం పొల్లుపోకుండా ఆమె మాటలే. హాలంతా ఘొల్లున నవ్వింది. ఇతరులు నవ్వారంటే సరే. మా లాల్‌దర్వాజా వాళ్ళే ఈలలు వేసి నవ్వారు! రోజూ ఇంట్లో మాట్లాడే మాటే తెర మీద దొంగ నోట వస్తే మనవాళ్ళకు నవ్వొచ్చింది. టీచర్ పక్కన కూర్చున్న పిల్లలూ కిలకిల నవ్వి, ఆమె మొహం చూసి టక్కున ఆపేశారు. వెళ్ళిపోదామని నేను లేచాను. "పిల్లలకు సగంల లేపితె ఎట్ల సారూ, చూడనియ్యుండ్రి," అని ఆమె చివరిదాకా కూర్చున్నది. పాట రాసినవారిగా తెర మీద ఎవరో మద్రాసు కవి పేరు పడింది. అది నాకు పెద్ద దెబ్బగా తోచనేలేదు, అంతకంటే పెద్దది తగిలిన తర్వాత.

ఆ ద్రోహం అక్కడితో ఆగలేదు. పాటకు ఎక్కడలేని పేరొచ్చింది. రేడియోలో పొద్దస్తమానం అదే. మిట్టమధ్యాహ్నం ఏ హోటల్లోనో రేడియో మోగితే చాలు, కిష్టయ్య బర్రెలు మేత వదిలి తలలెత్తి ఇంటిదారి పట్టేవి! "గీ పాట వచ్చినప్పటి సంది మా బర్రెలు ఆగమైనయ్ సారూ," అని అతడు నెత్తి కొట్టుకునేవాడు. నవ్వాలో ఏడవాలో తెలియదు. కొన్నాళ్ళకు వాటికీ తెలిసిపోయింది, ఆ రాగానికి అర్థం లేదని. ఆమె సందు మొదట్లో నిలబడి పిలిచినా రాలేదు. తరతరాల తల్లుల పిలుపు ఆ ఇంటికి పనికిరాకుండా పోయింది. కిష్టయ్య కర్ర పట్టుకుని మందలోకి వెళ్ళి తోలుకురావలసి వచ్చింది.

దీపావళి వెళ్ళాక గౌళీలు దున్నపోతులను గవ్వల పట్టెడలతో అలంకరించి ఊరేగించే సదర్ పండుగ వస్తుంది కదా. ఆ ఏడు బ్యాండువాళ్ళు దున్నల ముందు తెల్లావు పాట వాయించారు, జనం ఊగిపోతున్నారు. మల్లమ్మ టీచర్ అరుగు దిగి, నడివీధిలో బ్యాండుకు అడ్డంగా నిలబడింది. "బంద్ చెయ్యిండ్రి! దున్నల ముంగట ఆవు పాట వెడ్తరా? సోయి ఉన్నదా మీకు?" అని అరిచింది. ఆమె గొంతు అంత పెద్దదని నాకు అప్పుడే తెలిసింది. బ్యాండు మేస్త్రీ బిక్కచచ్చి, "గిది మీ పాటనే గద టీచరమ్మా, మీకు ఖుషీ అయితదని!" అన్నాడు. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి వెళ్ళిపోయింది.

సినిమా తర్వాత, ఆమె బతికుండగా, ఆ చందర్ ఒకే ఒక్కసారి వచ్చాడు. పాదాలకు దండం పెట్టాడు. నేను వదలలేదు.

"ఏమిరా, పాల మీద ఒట్టు ఏమైంది?"

"నేనేం చేస్త సార్, బర్రె తెర మీద మంచిగుండదన్నరు. మన మాట జనాలకు సమజ్ కాదన్నరు."

"దొంగ నోట్లె పెడితె అందరికీ సమజ్ అయింది కదరా!"

లోపల్నుంచి ఆమె గ్లాసుతో పాలు తెచ్చింది. "ఇడిసిపెట్టుండ్రి సారూ, పిలగాన్ని పాలు తాగనియ్యుండ్రి," అన్నది. అంతటి క్షమ దైవాంశ కావచ్చు. నాకు మాత్రం ఆ క్షణం ఆమె మీద కూడా కోపం వచ్చింది. ఆ రోజు నుంచీ ఆమె తరఫున పోట్లాడే పని నాదే అనుకున్నాను. బడిలో, కోఠీలో, పెళ్ళిళ్ళలో, ఎక్కడ ఆ పాట వినబడ్డా అడ్డం పడి అసలు మాటలు చెప్పాను. పిచ్చిపంతులు అనిపించుకున్నాను. అనిపించుకుంటే ఏం? నా వెనుక మల్లమ్మ టీచర్ ఉంది, తన ఒకటో తరగతిలో పసిపిల్లలకు ఆమె నల్లబర్రెనే నేర్పుతోంది అన్న ధైర్యం ఉండేది.

బడిలో సంతాపసభ జరిగింది. చందర్ మద్రాసు నుంచి వచ్చి, పటానికి పెద్ద దండ వేసి, మైకు ముందు ఆ తెల్లావు పాట పాడి వెక్కివెక్కి ఏడ్చాడు. చప్పట్లు కొట్టారు. సంతాపసభలో చప్పట్లు! మర్నాడు నేను ఆమె తరగతికి వెళ్ళాను. ఆమె ఆఖరి శిష్యులు. "టీచర్ నేర్పిన పాట పాడండర్రా," అన్నాను. చేతులు కట్టుకుని ముద్దుగా అందుకున్నారు:

"ఎక్కడికెళ్ళావే తెల్లావూ..."

"అది కాదు. సినిమాది కాదు, టీచర్ నేర్పింది!" అని గదమాయించాను.

ముందు వరసలో ఒక పిల్ల లేచింది. "టీచర్ గిదే నేర్పింది సార్. గిట్లనే పాడుండ్రి బిడ్డా, ఎవ్వరు నవ్వరు అన్నది."

సినిమా హాల్లో ఆ నవ్వులు విన్ననాటి నుంచీ ఆమె ఇదే నేర్పుతోందన్నమాట! పిల్లల నోట అది వినబడినప్పుడల్లా రేడియో పుణ్యమే అనుకున్నాను నేను. నేను ఊరంతా ఆమె పాట కోసం జగడం పెట్టుకుంటుంటే, ఆమె నా వెనుక తలుపు వేసి ఆ పాటను వదిలేసింది. పిల్లలను చూసి ఎవరూ నవ్వకూడదని తన తల్లి గొంతునే నొక్కేసుకుంది. మల్లమ్మ టీచర్, చందర్ చేసిన మోసం నాకు అర్థమవుతుంది. మీరు చేసింది మాత్రం మింగుడుపడటం లేదు. ఒక్క మాట, ఒక్క మాట నాతో చెప్పి ఉండకూడదా?

అయినా కోపం తెచ్చుకుని కూర్చుంటే ఎలా అని, ఆ పూటే నల్లబర్రె పాట నేర్పడం మొదలుపెట్టాను. నా గొంతు బొంగురు. పిల్లలు ముందు నవ్వారు. తర్వాత పాడారు. మూడో చరణం ముగియగానే ఎప్పటి ప్రశ్నే వచ్చింది. "మరి బర్రె ఏమన్నది సార్?"

నాకు రాదు. ఆమె ఉంది కదా, ఎప్పుడైనా అడగవచ్చులే అనుకుంటూ ఇన్నేళ్ళూ గడిపేశాను. కిష్టయ్య దగ్గరకు పోయాను. "అప్పుడు ఏడుపొచ్చింది యాదికున్నది సారూ, మాటలు యాదికి లేవు. అక్క మల్ల ఎన్నడు పాడలే," అన్నాడు. మిగిలింది ఒక్కడే. నా అభిమానం చంపుకుని, గౌలీపురాలో అక్కగారింట్లో దిగిన చందర్ దగ్గరకు వెళ్ళాను. వాడి గడప తొక్కనని నేను చేసుకున్న ప్రతిజ్ఞ ఆ గడప దగ్గరే విడిచిపెట్టాను.

"నాలుగో చరణం చెప్పురా. నిన్నేమీ అనను. చెప్పు చాలు."

చందర్ కళ్ళు మూసుకున్నాడు. రాగం తీశాడు. మొదటి చరణం దగ్గరే సినిమా మాటలు వచ్చాయి. తల విదిలించి మళ్ళీ మొదలుపెట్టాడు. మళ్ళీ అవే. "వస్తలేదు సార్. గిన్నేండ్లు తెల్లావే పాడిన. గదొక్కటే నోట్లెకొస్తుంది," అని గోడకు తల ఆనించి బావురుమన్నాడు. నేను తిట్టడానికి దాచుకున్న మాటలన్నీ పక్కన పెట్టాను. వాడి భుజం మీద చెయ్యి వేసి, లేచి వచ్చేశాను.

అమ్మా మల్లమ్మ టీచర్, మీకు నా కడసారి నమస్కారం. మూడు చరణాలు ఇక్కడ అచ్చుకు ఇస్తున్నాను, అవి నిద్రపోయినా సరే, చావకుండా ఉంటాయి. మీ పిల్లలు మాత్రం మర్నాడు నేను గదిలో అడుగుపెట్టగానే మళ్ళీ అదే అడిగారు.

"నాకు తెల్వది బిడ్డా," అన్నాను. "టీచర్‌కు ఎర్కుండె."